ధూల్‌పేట: గుడుంబా నుంచి గంజాయి దాకా

హైదరాబాద్‌లో మూసీ దాటే వంతెనలన్నింటిలోకీ వయసులో పెద్దది పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాద్ అనే ఊరే లేదు. గోల్కొండ కోట జనంతో కిక్కిరిసిపోయి, నది అవతలి గట్టుకు దారి కావాల్సివచ్చింది. ఇరవైకి పైగా కమానులు, సుమారు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. ప్రియురాలు భాగమతి కోసం వరద నదిలోకి గుర్రాన్ని దూకించిన కొడుకు మీది బెంగతోనే సుల్తాన్ దీన్ని కట్టించాడని కథ చెబుతారు. వంతెన పూర్తయ్యేనాటికి ఆ కొడుకు మహమ్మద్ కులీకి పట్టుమని పదమూడేళ్లు కూడా ఉండవని చరిత్రకారులు లెక్క తీస్తారు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ దీన్ని చూసి పారిస్‌లోని పోంట్ నఫ్ వంతెనతో పోల్చాడు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకు కింద ఉన్న వంతెనలన్నీ దెబ్బతింటే, రెండు గట్లనూ కలిపి ఉంచింది ఇదొక్కటే. ఇప్పుడు దీని మీద బండ్లు నడవవు. పాలకూర కట్టలు, టమాటా కుప్పలు, పచ్చిమిర్చి రాశుల మధ్య బేరాలు నడుస్తాయి. నాలుగున్నర శతాబ్దాల రాతి మీద కూరగాయల అంగడి పెట్టుకున్న ఊరు మరోటి ఉందో లేదో!

ఈ వంతెన ఉత్తరం కొస దిగితే ఎడమ చేతికి కార్వాన్. గోల్కొండ వజ్రాలు ఒకప్పుడు చేతులు మారిన బజారు అదే. ఎదురుగా జుమ్మెరాత్ బజార్, దాని వెనక ఎత్తుపల్లాల నేల మీద ఇల్లు ఇంటిని ఒరుసుకుంటూ పరుచుకున్న బస్తీ ధూల్‌పేట. గీత గీసి చూస్తే పాత నగరపు ప్రాకారానికి ఇది బయటే ఉంది. నగరం మాటల్లో మాత్రం పాతబస్తీలో భాగమే. మంగళ్‌హాట్, గంగాబౌలి, శివలాల్‌నగర్, జిన్సీ చౌరాహి, రహీంపుర, అప్పర్ ధూల్‌పేట, లోయర్ ధూల్‌పేట... చాలా సందుల్లో రెండు బైకులు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. హైదరాబాద్ పేపరు చదివే వాళ్లకు ఈ పేరు రెండు సందర్భాల్లో కనిపిస్తుంది. వినాయక చవితి ముందు ఒకసారి, ఎక్సైజ్ దాడులు జరిగినప్పుడల్లా మరోసారి. ఒకే గల్లీలో, ఒక్కోసారి ఒకే కుటుంబంలో, ఈ రెండు వార్తలూ ఎందుకు పుట్టాయో తెలుసుకోవాలంటే మూడు వందల ఏళ్లు వెనక్కి నడవాలి.

ఇక్కడ ఎక్కువగా ఉండేది లోధీలు. ఇళ్లలో మాట్లాడేది హిందీ యాస. తమ పూర్వీకులు బుందేల్‌ఖండ్ నుంచి సైన్యాల వెంట దక్కన్‌కు వచ్చారని పెద్దలు చెప్పుకుంటారు. ఔరంగజేబు గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించి 1687లో గెలిచినప్పుడు వచ్చినవాళ్లు కొందరని, ఆసఫ్‌జాహీల కొలువులో చేరడానికి ఆ తర్వాత వచ్చినవాళ్లు మరికొందరని అంటారు. ఏ తరంలో వచ్చినా, చేతిలో ఉన్న పని సిపాయి పని. మంగళ్‌హాట్‌లో 19వ శతాబ్దంలో మార్వాడీ సేఠ్ పూరన్‌మల్ గనేరీవాలా కట్టించిన సీతారాంబాగ్ దేవాలయాన్ని చూస్తే ఈ చుట్టుపక్కల ఉత్తరాది వాళ్ల వేర్లు ఎంత లోతుగా దిగాయో తెలుస్తుంది. కోటగోడలాంటి ప్రహరీ, దాని లోపల విశాలమైన ముంగిళ్లు. చుట్టూ ఇరుకు, మధ్యలో ఇంత ఖాళీ.

సిపాయి పని ఎన్నాళ్లు ఉంటుంది? నిజాం సైన్యాలు కాలక్రమంలో కుదించుకుపోయాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ కొలువులన్నీ ముగిశాయి. భూమి లేదు, చదువు లేదు, నగరంలో వేరే చేతిపని లేదు. ఇంట్లో ఆడవాళ్లకు, మగవాళ్లకు తెలిసిన విద్య ఒకటుంది, సారా కాచడం. ఇప్పపువ్వు సారా మధ్య భారతమంతటా ఉన్నదే. పండక్కీ, పెళ్లికీ, దేవుడికీ కాచుకునే సారా అమ్ముకునే సారా అయింది. ఇప్పపువ్వు నగరానికి దూరం కాబట్టి దాని స్థానంలోకి నల్లబెల్లం వచ్చింది. అలా పుట్టిందే గుడుంబా.

గుడుంబా తయారీ కష్టమైన విద్యేమీ కాదు, అదే దాని బలం. నల్లబెల్లాన్ని నీళ్లలో కరిగించి పటిక, నవసాగరం కలుపుతారు. కొందరు తుమ్మచెక్క వేస్తారు. డ్రమ్ముల్లో పోసి మూత పెట్టి కొన్ని రోజులు పులియబెడితే నురగలు కక్కుతుంది. దాన్ని ఊట అంటారు. ఎక్సైజ్ వాళ్ల పత్రికా ప్రకటనల్లో లీటర్ల లెక్కన ‘ధ్వంసం’ అయ్యేది ఈ ఊటే. దాన్ని కుండలో కాచి, పైకి లేచిన ఆవిరిని చన్నీళ్లతో చల్లార్చి, గొట్టం గుండా పట్టుకుంటే గుడుంబా. పొయ్యి, నీళ్లు, రెండు పాత్రలు, ఓ గొట్టం ఉంటే ఏ వంటింట్లోనైనా సాధ్యం. డ్రమ్ములను నేలలో పాతిపెట్టి పైన బండలు పరిచేవాళ్లు. సరుకు రబ్బరు ట్యూబుల్లో, తర్వాత తర్వాత ప్లాస్టిక్ పాకెట్లలో గల్లీలు దాటేది. కొనేవాళ్లు హమాలీలు, రిక్షా తొక్కేవాళ్లు, మేస్త్రీల కింద అడ్డా కూలీలు. రోజు కూలిలో కొంత తీసి పెట్టగలిగిన ధరకు ఒళ్లు నొప్పి తెలియకుండా చేసే సరుకు. అందులో ఎంత ఘాటు ఉందో, ఏ రసాయనం పడిందో కాచినవాళ్లకే సరిగా తెలియదు. కాలేయాలు పోయాయి, కళ్లు పోయాయి, నలభై దాటకుండానే మగవాళ్లు పోయారు. అమ్మిన ఇల్లు, తాగిన ఇల్లు ఒకే వరసలో ఉండే చోట నష్టం ముందుగా ఆ వరసకే తగిలింది.

రాష్ట్రం వైపు నుంచి చూస్తే ఇదంతా ఓ దొంగాట. ఒకవైపు సారా ప్రభుత్వానికి ఆదాయం. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను పాకెట్లలో ఊళ్లకు చేర్చింది. మరోవైపు పన్ను కట్టని సారా నేరం. 1986లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన పీడీ చట్టం పూర్తి పేరులో దోపిడీ దొంగల కంటే, గూండాల కంటే ముందు రాసింది బూట్‌లెగర్లనే. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. తెలుగు నేలలో ఆడవాళ్లు సాధించిన గొప్ప విజయాల్లో సారా నిషేధం ఒకటి. అయితే సర్కారు సారా దుకాణం మూతపడ్డాక ఆ తాగేవాడి నోరు మూతపడలేదు. ఆ గిరాకీ గుడుంబా వైపు మళ్లింది. ధూల్‌పేటలో డ్రమ్ముల సంఖ్య పెరిగింది.

తెలంగాణ వచ్చాక 2015లో ప్రభుత్వం ముందు చౌక మద్యం తెద్దామనుకుంది. గుడుంబాకు విరుగుడుగా తక్కువ ధరకే సీసా మందు ఇస్తామన్న ఆ ఆలోచనకు ఆడవాళ్ల నుంచి, ప్రతిపక్షాల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చి వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత మొదలైంది అసలు పట్టుదల. నల్లబెల్లం లారీలను దారిలోనే ఆపారు, పాత కేసులున్న వాళ్లను బైండోవర్ చేశారు, పీడీ చట్టం ప్రయోగించారు. దాడులతో పాటు ఈసారి మరో మాట కూడా చెప్పారు. కాచడం మానేసిన కుటుంబానికి ఉపాధి కోసం 2 లక్షల రూపాయల సాయం. ఆటోలు, కిరాణా కొట్లు, కుట్టుమిషన్లు, పాడి గేదెలు... రాష్ట్రమంతటా వేల కుటుంబాలు ఈ జాబితాలో చేరాయి. రెండేళ్లు తిరక్కుండానే రాష్ట్రం గుడుంబా రహితమని ఎక్సైజ్ శాఖ చెప్పుకోగలిగింది. గొప్ప విషయమే, సందేహం లేదు. గుడుంబాతో మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్లను ఎవరినైనా అడగండి, దాని విలువ చెబుతారు.

కానీ ధూల్‌పేటలో ఒక పొయ్యి ఆరితే మరో చోట నిప్పు రాజుకుంది. డ్రమ్ములున్న ఇళ్లలోకి పొట్లాలు వచ్చాయి. గుడుంబాకు వాసన ఉంది, పొగ ఉంది, బరువుంది. గంజాయికి ఈ తిప్పలు తక్కువ. ఎక్కడో కాసిన పంటను తెచ్చి, తూచి, కాగితంలో చుడితే చాలు. ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండల్లో, సీలేరు నుంచి మల్కన్‌గిరి దాకా పండే గంజాయికి దేశమంతా గిరాకీ. అందులో ‘శీలావతి’ అనే రకానికి మరీ ఎక్కువ. అక్కడ కొండ రైతు చేతికి దక్కేది అతి తక్కువ, ఇక్కడ గల్లీ చివర పొట్లం చేతికిచ్చేవాళ్లకు దక్కేదీ తక్కువే. మధ్యలో కార్లు, లారీలు, రైళ్లు, పెట్టుబడి పెట్టేవాళ్లు. జైలుకు మాత్రం ఎక్కువగా పోయేది రెండు కొసల్లో ఉన్నవాళ్లే.

ఇక్కడి వ్యాపారంలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఆడవాళ్ల పాత్ర. గుడుంబా రోజుల్లోనూ కాచింది, అమ్మింది చాలావరకు వాళ్లే. గడప మీద కూర్చుని అమ్మే పని పిల్లల్ని చూసుకుంటూ చేయొచ్చు. మొగుడు పోయినా, జైల్లో ఉన్నా, ఇల్లు వాళ్ల మీదే నడుస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కిలో దాకా గంజాయి ‘తక్కువ పరిమాణం’. ఏడాది వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. పదేళ్లకు తగ్గని శిక్ష, బెయిలు దొరకడమే గగనం. గడప మీద అమ్మేవాళ్లు కిలో లోపే దగ్గర పెట్టుకుంటారు. పట్టుబడతారు, బయటికొస్తారు, లాయరు ఫీజు అప్పు తీర్చడానికి మళ్లీ కూర్చుంటారు. తల్లి చంచల్‌గూడ మహిళా జైల్లో ఉన్న ఆ కొన్ని నెలలూ పిల్లల బడి ఏమవుతుందో రాసే గడి ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ ఉండదు. ఈ గల్లీల కథలో నన్ను అన్నింటికంటే కలవరపెట్టేది ఇదే.

2024 జులైలో ఎక్సైజ్ శాఖ ‘ఆపరేషన్ ధూల్‌పేట’ మొదలుపెట్టింది. సందు సందులో తనిఖీలు, పాత నిందితుల ఇళ్ల మీద నిఘా, పొరుగు జిల్లాల నుంచి బృందాలు. అదే ఊపులో 2025 జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు, రాష్ట్ర నార్కోటిక్స్ విభాగానికి ‘ఈగల్’ అని కొత్త పేరు పెట్టారు. బహిరంగంగా అమ్మకాలు తగ్గిన మాట నిజమే. అమ్మకం చీకట్లోకి, ఫోన్లలోకి, నగర శివార్లలోకి జరిగిన మాటా నిజమే.

మత్తుకూ పేదరికానికీ ఉన్న ముడి తెలియాలంటే ఇక్కడ కాస్త దూరం వెళ్లి రావాలి. 1980లలో అమెరికాలో కొకైన్ పొడి ధనవంతుల పార్టీ సరుకు. దాన్ని వంటసోడాతో, నీళ్లతో వేడి చేసి గడ్డకట్టిస్తే పలుకులుగా విరిగేది. పొగగా పీల్చవచ్చు, సెకన్లలో మెదడుకు ఎక్కుతుంది, పది నిమిషాల్లో దిగిపోతుంది, మళ్లీ కావాలనిపిస్తుంది. అదే క్రాక్. కొద్ది డాలర్లకే చిన్న సీసాలో దొరికేసరికి లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, మయామీ నగరాల పేదవాడలు దానితో నిండిపోయాయి. ఫ్యాక్టరీలు మూతపడి, పని పోయిన నల్లజాతి వాడలవి. 1986లో, మన దగ్గర పీడీ చట్టం వచ్చిన ఏడాదే, అమెరికా ఓ చట్టం చేసింది. 5 గ్రాముల క్రాక్ అమ్మితే కనీసం ఐదేళ్ల జైలు. అదే శిక్ష పడాలంటే పొడి కొకైన్ 500 గ్రాములుండాలి. ఒకే మందు, పేదవాడి రూపంలో ఉంటే వందో వంతు బరువుకే అదే శిక్ష. 2010లో ఆ వంద రెట్ల తేడాను 18 రెట్లకు తగ్గించారు గానీ, అప్పటికే ఒక తరం జైళ్లలో గడిచిపోయింది.

ఆ కథలో తక్కువ మందికి తెలిసిన ఓ అధ్యాయం ఉంది. క్రాక్ వాడిన తల్లులకు పుట్టే పిల్లలు జీవితాంతం బుద్ధి మాంద్యంతో ఉంటారని అప్పట్లో పత్రికలు హడలెత్తించాయి. ఫిలడెల్ఫియాలో హాలమ్ హర్ట్ అనే శిశువైద్యురాలు 1989లో 224 మంది పిల్లలతో అధ్యయనం మొదలుపెట్టి దాదాపు పాతికేళ్లు వాళ్లను వెన్నంటి గమనించారు. సగం మంది తల్లి కడుపులో ఉండగా కొకైన్ సోకినవాళ్లు, సగం సోకనివాళ్లు, అందరూ పేదవాడల వాళ్లే. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. దొరికిందల్లా రెండు గుంపులూ సమానంగా వెనకబడి ఉండడం. కొకైన్ కంటే పేదరికం వాళ్లను ఎక్కువగా దెబ్బతీసిందని ఆమె తేల్చారు. ధూల్‌పేట గురించి నాకున్న ఆలోచన ఈ పరిశోధన చదివాక గట్టిపడింది. ఇక్కడ ఇప్పసారా పోయి గుడుంబా వచ్చింది, గుడుంబా పోయి గంజాయి వచ్చింది. సరుకు రెండుసార్లు మారింది. రెండుసార్లూ మారకుండా నిలిచింది ఏడాది పొడవునా కడుపు నింపే పని లేకపోవడం.

హైదరాబాద్‌లో క్రాక్ ఎన్నడూ మహమ్మారి కాలేదు. కొకైన్ ఇక్కడ ఇంకా డబ్బున్నవాళ్ల సరుకే. జూబ్లీహిల్స్ పబ్బుల వార్తల్లోనే తరచూ కనిపిస్తుంది. ఎయిమ్స్ 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు 16 కోట్లు, గంజాయి, భంగు వాడేవాళ్లు 3.1 కోట్లు, కొకైన్ వాడేవాళ్లు సుమారు 10.7 లక్షలు. పేదవాడి వీధిలో క్రాక్ చేసిన పని ఇక్కడ వేరే సరుకులు చేశాయి. అందులో అన్నింటికంటే మోసకారి కల్తీ కల్లు.

హైదరాబాద్ కల్లు కాంపౌండ్ల చుట్టూ తాటిచెట్టు కనిపించదు, ఈతచెట్టు కనిపించదు. అంత కల్లు ఎక్కడి నుంచి వస్తుంది? చెట్టు నుంచి గీసిన కల్లు పొద్దెక్కేకొద్దీ పులిసిపోతుంది, దూరం మోయలేం. కాబట్టి కొంత కల్లుకు నీళ్లు, చక్కెర రుచి, తెల్లదనం కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ వేస్తారు. ఇవి నిద్రమాత్రల జాతి మందులు. కల్లు తాగుతున్నామనుకుంటూ ఏళ్ల తరబడి నిద్రమాత్రలు తాగినవాళ్లకు ఒక్కరోజు ఆగితే చేతులు వణుకుతాయి, రెండో రోజుకు లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. 2004లో నగరంలో కల్లు దుకాణాలు మూయించారు, 2014 దసరాకు మళ్లీ తెరిచారు. 2015లో కల్తీ మీద కఠినంగా వెళ్లినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు పిచ్చెత్తినట్టు ప్రవర్తించే మనుషులతో నిండాయి. వాళ్లది పిచ్చి కాదు, మందు ఆగిపోవడం. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎంతోమంది కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపే ఆల్ప్రాజోలమ్ ఎక్కడిది? మందుల పరిశ్రమకు రాజధాని అనిపించుకున్న ఈ నగరపు అంచుల్లోనే, మూతపడ్డ యూనిట్లలో, షెడ్లలో తయారవుతోంది. 2025లో పట్టుబడ్డ ఒక తయారీ కేంద్రం ఓ ప్రైవేటు బడి భవనంలోనే నడిచింది. కింద పాఠాలు, పైన రసాయనాలు!

మూసీకి అవతలి గట్టున, పాత ప్రాకారం లోపల, మరో రకం మత్తు ఉంది. అక్షరాలు దిద్దుకునే వైట్‌నర్, పంక్చరు అంటించే జిగురు గుడ్డలో పోసి పీల్చే పిల్లలు. ఎయిమ్స్ సర్వేలో పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా తేలిన మత్తు ఇదొక్కటే: పది నుంచి పదిహేడేళ్ల వాళ్లలో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. చెత్త ఏరుకునే పిల్లలకు, చిన్నప్పుడే పనిలో పడ్డవాళ్లకు ఆకలిని, చలిని, దెబ్బను మరిపించేది అది. కొంచెం పెద్దయ్యాక నిట్రాజెపామ్ మాత్రలు, దగ్గు సిరప్‌లు. శుక్రవారం నమాజు ప్రసంగాల్లో ఇమాములు, వీధి సభల్లో పెద్దలు దీని గురించి మాట్లాడుతున్నారు. ఇంటి గుట్టని దాచుకునే రోజులు పోయి నోరు విప్పడం మొదలైందంటే, నా ఉద్దేశంలో అది పదిమంది అరెస్టుల కంటే పెద్ద వార్త.

మళ్లీ ధూల్‌పేటకు వద్దాం. ఎందుకంటే ఇక్కడ చూడాల్సింది ఇంకా మిగిలింది. ఉగాది దాటాక ఇక్కడి ఖాళీ జాగాలన్నీ వినాయకులతో నిండుతాయి. తాటిపత్రీ కప్పుల కింద తల లేని మొండేలు, ఓ పక్క వరసగా పేర్చిన తొండాలు, మరో పక్క చేతులు, చెవులు. ముందు మట్టితో బొమ్మ చేసి దాని మీద రబ్బరు, ఫైబర్ అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, అదే ద్రావణంలో ముంచిన కొబ్బరిపీచు పరిచి, మళ్లీ పూస్తారు. పీచు లేకపోతే అంతెత్తు బొమ్మ పగిలిపోతుంది. ముక్కలు విడివిడిగా పోసి, లోపల కర్రల ఆసరా పెట్టి అతికిస్తారు. ఆ తర్వాత గరుకు కాగితంతో నునుపు, రంగుల తుంపర, చివర కళ్లు. కళ్లు దిద్దే పని అందరికీ ఇవ్వరు. ఇరవై అడుగుల బొమ్మ మెడ దగ్గర నిచ్చెన మీద నిలబడి, ఒక్క గీత తడబడకుండా కనురెప్ప దిద్దే కుర్రాణ్ణి చూస్తుంటే కాళ్లు కదలవు. షోలాపూర్ నుంచి, కోల్‌కతా నుంచి వచ్చే కళాకారులు కూడా ఈ సీజన్లో ఇక్కడే బస. తెలంగాణ జిల్లాలకే కాదు, పొరుగు రాష్ట్రాలకు కూడా లారీల్లో బొమ్మలు వెళ్తాయి.

శ్రావణంలో ఆడవాళ్లు ఇళ్లలో రాఖీలు అల్లుతారు, బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాలు ఇక్కడికి కూతవేటు దూరం. డిసెంబరు వచ్చిందంటే పతంగులు. పల్చటి కాగితం, రెండు వెదురు పుల్లలు, జిగురు. ఒకటి వంచి విల్లులా, ఒకటి నిలువుగా. వేళ్లు చూడకుండానే కొలత తీసుకుంటాయి. మాంజా కోసం నూలు దారాన్ని స్తంభాల మధ్య లాగి కట్టి, అన్నం గంజిలో గాజు పొడి, రంగు కలిపి వేళ్లతో పట్టిస్తారు. వేళ్లకు గుడ్డ చుట్టుకున్నా కోతలు తప్పవు. సారా కాచిన గల్లీల్లోనే ఇంత నేర్పు ఉంది.

ఈ పనుల మీదా చట్టం నీడ పడింది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు వద్దని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలిచ్చింది. ఇక్కడి తయారీదార్లు హైకోర్టుకెళ్లారు. తయారీని ఆపనక్కర్లేదు గానీ ఆ బొమ్మలను చెరువుల్లో కలపకూడదని, కృత్రిమ కుంటల్లోనే నిమజ్జనం చేయాలని 2022లో కోర్టు చెప్పింది. నైలాన్‌తో వచ్చే చైనా మాంజాను 2017లో హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది. దానికి పక్షుల, మనుషుల ప్రాణాలు పోతున్నాయి కాబట్టి అది మంచి నిషేధమే. హుస్సేన్‌సాగర్ నీళ్లను కాపాడుకోవడమూ మంచిదే. అయితే గుడుంబా మానండి, ఇదిగో వేరే పని అని చెప్పిన చోట ఆ వేరే పని ఏటేటా అనుమానంలో పడితే, పొట్లం తెచ్చిచ్చేవాడికి మాట చెప్పడం సులువవుతుంది. మట్టి బొమ్మకు మారాలంటే ఎండబెట్టే కప్పు కావాలి, నెలల వ్యవధి కావాలి, బరువు మోసే లారీ కావాలి, ముందు పెట్టుబడి కావాలి. 2 లక్షల రూపాయలు ఒకసారి ఇచ్చి ఊరుకునే పథకంలో ఇవన్నీ ఇమడవు. బొమ్మల కాలం, పతంగుల కాలం, రాఖీల కాలం కలిపినా సంవత్సరంలో ఖాళీ నెలలు మిగులుతాయి. ప్రభుత్వం పని చూపించాల్సింది ఆ నెలలకు. శాశ్వత షెడ్లు, ఏడాది పొడవునా అమ్ముడయ్యే అలంకరణ బొమ్మల శిక్షణ, తల్లి జైలుకెళ్తే పిల్లలకు హాస్టల్ సీటు: ఇవి ధూల్‌పేటలో దాడులంత ఉత్సాహంగా జరగాలని ఈ వీధులు తిరిగాక గట్టిగా అనిపించింది.

చూడాలనుకునేవాళ్లు చార్మినార్ నుంచి ఆటో ఎక్కితే పురానాపూల్ వైపుగా మూడు కిలోమీటర్ల లోపే. నాంపల్లి రైల్వే స్టేషన్ నుంచీ దాదాపు అంతే దూరం. బొమ్మల పని చూడాలంటే వినాయక చవితికి నెల, నెలన్నర ముందు రావాలి. పతంగులకు సంక్రాంతి ముందు రెండు వారాలు. గురువారమైతే జుమ్మెరాత్ బజార్ సంత కూడా కలిసొస్తుంది. పాత తలుపులు, ఇత్తడి సామాను, గడియారాలు, ఏది పడితే అది. పొద్దునే వస్తే పురానాపూల్ కూరగాయల బేరం, తర్వాత సీతారాంబాగ్ గుడి, ఆ తర్వాత ధూల్‌పేట గల్లీలు సాఫీగా చూడొచ్చు. పనివాళ్లను అడిగి ఫోటోలు తీయండి. అడక్కుండా కెమెరా ఎత్తితే ఎక్సైజ్ వాళ్లో, విలేకరులో అనుకుని ముఖం తిప్పుకుంటారు, వాళ్ల అనుభవం అలాంటిది.

మత్తు నుంచి బయటపడాలనుకునేవాళ్లకు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో, ఉస్మానియా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చికిత్స ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14446. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా తక్కువ పరిమాణం కేసున్న బాధితుడు తనంతట తానుగా చికిత్సకు ముందుకొచ్చి పూర్తి చేస్తే ఆ కేసులో విచారణ నుంచి రక్షణ ఉంటుంది. ఈ వెసులుబాటు గురించి విన్నవాళ్లు గల్లీల్లో చాలా తక్కువ. కల్తీ కల్లుకు, నిద్రమాత్రలకు అలవాటుపడినవాళ్లను ఇంట్లో గది తాళం వేసి ఒక్కసారిగా మాన్పించాలని చూడకండి. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పిన మోతాదులో మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.